కొట్టేసిన రోజులు

తూకాల గదిలోకి చెప్పులతో రాకూడదు. ఫ్యాను వేయకూడదు, కిటికీ తియ్యకూడదు, తుమ్ము వస్తే బయటికి పరిగెత్తాలి. ఆ గదిలో ఉన్నది కూరగాయల త్రాసు కాదు మరి. దానిమీద వెంట్రుక పడినా బరువు చెప్పేస్తుంది. పక్కన నిలబడి ఎవరైనా ఉసూరుమంటే అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. అందుకే ఆఫీసంతా తన కనుసన్నల్లో నడిపించే పెద్దసారు కూడా గుమ్మం అవతలే నిలబడి, రెండు ముక్కలు గొణిగి పోతాడు.

అలాంటి గదిలోకి ఆ మంగళవారం పొద్దున తూకాలమ్మ వాళ్ల అక్క చెప్పులతో సహా దూసుకొచ్చింది. ఒక చేతిలో న్యూస్‌పేపరు, ఇంకో చేతిలో తడి దుప్పటి, చంకలో సంచి. దుప్పటిలోంచి నీళ్లు కారి గుమ్మం నుంచి త్రాసు దాకా గచ్చంతా తడిసింది.

"అక్కా! ఆగు, ఆగు! చెప్పులు!"

"చెప్పులా? ఇవి కాళ్లకున్నాయి కాబట్టి బతికిపోయావు. చేతికొస్తే ఏమయ్యేదో!"

అని, త్రాసు పక్కనున్న తెల్ల బల్లమీద ఆ దుప్పటి ధబీమని పరిచింది. అక్క లాండ్రీకి ఉతకడానికి వచ్చిన ఆసుపత్రి దుప్పటి. పాలలా తెల్లగా ఉండాల్సింది. దానినిండా మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. వేలితో రుద్దితే చుక్క పోలేదు సరికదా, బారుగా సాగి మరకైంది.

"పొద్దున ఆరింటికి ఆరేశాను. ఏడున్నరకి ఇదీ దాని మొహం. ఇప్పుడు ఈ పేపరు చదువు. పైకి చదువు, నీ త్రాసు కూడా వినాలి."

పేపర్లో మొదటి పేజీలోనే ఉంది వార్త. పరిశ్రమల కాలుష్యం తగ్గుముఖం పట్టిందట. దేశం మొత్తంమీద బాగా తగ్గిన పది ఊళ్లలో మన ఊరు మూడోదట. పదకొండేళ్లలో ముప్పై నాలుగు శాతం. పక్కనే ఒక బొమ్మ, అందులో ఎడమనుంచి కుడికి దర్జాగా కిందికి దిగిపోతున్న ఎర్రగీత. తూకాలమ్మకి ఆ గీత కొత్త కాదు. ఆ గీతలో ఉన్న ప్రతి చుక్కా ఆవిడ తూచిందే. రిపోర్టు చివరిపేజీలో సంతకం కూడా ఆవిడదే.

అసలు పేరు ఆ సంతకంలోనూ, జీతాల కాగితంలోనూ తప్ప ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్లుగా కాలుష్యాన్ని కొలిచే ఆ ఆఫీసులో కాగితాలు తూచే పని చేస్తోంది కాబట్టి అందరికీ తూకాలమ్మే. అక్కకి మాత్రం 'ఏమే'.

"ఎవరి ముక్కులో తగ్గిందే ముప్పై నాలుగు శాతం?" అంది అక్క. "ఫ్యాక్టరీ మేనేజరు ముక్కులోనా? మా వీధిలో పసిపిల్ల దగ్గర్నుంచి పండుముసలి దాకా నల్లగా చీదుతున్నారు. ఆరేసిన బట్ట ఆరకముందే మళ్లీ నీళ్లలో పడుతోంది. నా చేతులు చూడు, చర్మం ఊడొస్తోంది. తగ్గిందని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

"నేను తగ్గిందని రాయలేదక్కా. నేను బరువు రాస్తాను, అంతే. నా త్రాసు అబద్ధం చెప్పదు."

"అంటే నా దుప్పటి చెబుతోందా అబద్ధం?"

అక్క అంతటితో ఊరుకోలేదు. శుక్రవారం టౌన్‌హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. ఇనుము కరిగించే ఫ్యాక్టరీవాళ్లు మూడో కొలిమి కట్టుకుంటామని అడుగుతున్నారు. ఎక్కడ? సరిగ్గా అక్క లాండ్రీ వెనక, బట్టలారేసే స్థలం గోడకి అవతల. రెండు కొలుములకే ఇలా ఉంటే మూడోది వచ్చాక ఆ గోడపక్క బట్ట ఆరడం మాట అటుంచి, మనిషే బతకడు. ఇంతకాలం ఈ ఊరు 'తీవ్రమైన కాలుష్యం' ఉన్న ఊళ్ల జాబితాలో ఉండబట్టి కొత్త కొలిమికి పర్మిషన్ రాలేదు. ఇప్పుడీ గీత చూపించి, జాబితాలోంచి తీసెయ్యండి అంటున్నారు. తీసేస్తే ఇక అడ్డేముంది!

"నిన్ను చదివించింది ఈ చేతులేనే," అంది అక్క. గొంతు బొంగురుపోయింది. కోపమో, ఏడుపో, పొగో తెలియలేదు. "ఊరందరి మురికీ ఉతికి చదివించాను. నువ్వు నా బతుకు ఉతికి ఆరేశావు."

సంచిలోంచి నాలుగు పాత నోటుపుస్తకాలు తీసి బల్లమీద పడేసింది. ఏ రోజు ఎవరి బట్టలు వచ్చాయో, ఎప్పుడు ఇవ్వాలో రాసుకునే పుస్తకాలు. మసిపడి రెండోసారి ఉతకాల్సి వచ్చిన రోజు తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది, ఆ రోజు బట్టలు ఒకరోజు ఆలస్యంగా వెళ్తాయి కాబట్టి. నాలుగేళ్ల సున్నాలు. అంతకుముందువి ఎలుకలు కొట్టేశాయి.

"నీ లెక్కా నా లెక్కా పక్కపక్కన పెట్టి చూడు. చూసి, నేనే పిచ్చిదాన్నయితే వచ్చి మొహమ్మీద చెప్పు," అని వెళ్లిపోయింది. తడి దుప్పటి మాత్రం తీసుకెళ్లింది. అది మళ్లీ ఉతకాలి కదా.

తూకాలమ్మకి ఒళ్లు మండిపోయింది. అక్కమీదే. ఇరవై రెండేళ్లలో తన పనిని వేలెత్తి చూపించినవాడు లేడు. పెద్దసార్లు వచ్చారు, పోయారు, తూకాలమ్మ రిజిస్టరులో దిద్దుబాటు లేదు. చాకిరేవులో కూర్చుని సున్నాలు చుట్టుకునే మనిషి వచ్చి తనకి లెక్కలు నేర్పుతుందా! సరే, చూద్దాం. చూసి అక్క మొహమ్మీదే చెబుదాం అనుకుంది. గచ్చు తుడిచి, చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచింది.

ఆ రిజిస్టరు గురించి ఒక ముక్క చెప్పాలి. ఫ్యాక్టరీ గోడకి ఎదురుగా ఉన్న స్కూలు మేడమీద రేకు పెట్టెలో ఒక పంపు ఉంటుంది. సోమవారం, గురువారం దాంట్లో తెల్లటి ఫిల్టరు కాగితం పెడతారు. ఇరవై నాలుగు గంటలు ఆ పంపు వీధిలో గాలిని ఆ కాగితంలోంచి లాగుతుంది. గాలి పోతుంది, మురికి కాగితం మీద ఉండిపోతుంది. పెట్టకముందు కాగితం ఎంత బరువుందో, తీశాక ఎంతుందో తూకాలమ్మ తూస్తుంది. తేడా ఎంతో అంత మురికి. ఏడాదికి నూట నాలుగు కాగితాలు. ఇంతే పని, కానీ ఇందులో ఒక రూలుంది. పంపు కనీసం పద్దెనిమిది గంటలు నడవాలి. అంతకన్నా తక్కువ నడిస్తే ఆ కాగితం చెల్లదు. అప్పుడు తూకాలమ్మ రిజిస్టరులో ఆ తేదీ మీద ఎర్రపెన్నుతో అడ్డంగా గీత గీసి, 'రద్దు, పంపు ఆగింది' అని రాసి, కాగితాన్ని తూచకుండానే కవర్లో పెట్టి బీరువాలో వేస్తుంది.

ఈ విషయంలో ఆవిడ మహా కచ్చితం. పక్క ఊరి ఆఫీసులో పదిహేడున్నర గంటలైనా పోనీలే అని తూచేస్తారని విని, ఒకసారి పెద్ద మీటింగులో లేచి నిలబడి వాళ్లని కడిగిపారేసింది కూడా. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగేళ్ల కిందటి నోటుపుస్తకం తెరిచింది. మొదటి సున్నా ఒక గురువారం. రిజిస్టరులో ఆ గురువారం చూసింది. ఎర్రగీత. సరే, యాదృచ్ఛికం. రెండో సున్నా మంగళవారం, ఆ రోజు పంపు ఉండదు. మూడోది సోమవారం. ఎర్రగీత. నాలుగోది గురువారం. ఎర్రగీత. అయిదోది. ఎర్రగీత. తూకాలమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. నిరుటి పుస్తకంలో సోమ, గురువారాల్లో పడ్డ సున్నాలు అరవై ఒకటి. వాటిలో ఎర్రగీత పడ్డవి యాభై ఎనిమిది.

మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. యాభై ఎనిమిదే.

పంపు ఎందుకు ఆగుతోంది? మోటారు పాతది, అందుకని మెకానిక్కు చెప్పేవాడు. అవునవును అని తలూపింది. మోటారు పాతదే, నిజమే. కానీ పాత మోటారు ఏ రోజు ఆగుతుంది? గాలి శుభ్రంగా ఉన్న రోజు హాయిగా నడుస్తుంది. కొలుములు తెగ కక్కిన రోజు ఆరేడు గంటల్లోనే కాగితం మసితో మూసుకుపోతుంది, గాలి లాగలేక మోటారు చతికిలబడుతుంది. పంపు ఆగిందంటే అర్థం, ఇంక పట్టనంత మసి కాగితం మీద పేరుకుందని. అలాంటి ప్రతి రోజునీ తూకాలమ్మ తన చేత్తో, ఎర్రసిరాతో, కచ్చితంగా కొట్టేసింది. మిగిలిన మంచి రోజులన్నీ కలిపి సగటు తీసింది.

వెనక్కి వెనక్కి తిప్పింది. పదకొండేళ్ల కిందట ఏడాదికి కొట్టేసిన రోజులు ఏడు. తర్వాత పన్నెండు. తర్వాత ఇరవై. నిరుడు యాభై ఎనిమిది. పొగ పెరుగుతున్నకొద్దీ ఎర్రగీతలు పెరిగాయి. ఎర్రగీతలు పెరుగుతున్నకొద్దీ సగటు తగ్గింది. అదండీ ముప్పై నాలుగు శాతం! దేశంలో మూడో స్థానం!

ఆవిడకి మొదట ఏడుపు రాలేదు, తిట్లు వచ్చాయి. ఎవర్ని తిట్టాలో తెలియక త్రాసుని తిట్టింది. పాపం దాని తప్పేముంది, పెట్టిన కాగితాన్ని అది తూచింది. పెట్టని కాగితాన్ని ఎలా తూస్తుంది?

బీరువా తెరిచి, నిరుటి కవర్లు యాభై ఎనిమిదీ కిందికి దించింది. రద్దయిన కాగితాలు కూడా అయిదేళ్లు ఉంచాలని రూలు. ఉంచింది, ఆవిడ రూలు తప్పదు కదా. తేమ లాగే గాజు పెట్టెల్లో వాటిని రాత్రంతా ఆరనిచ్చి, బుధవారం పొద్దున తలుపు గడియపెట్టుకుని ఒక్కొక్కటే తూచింది. మామూలు రోజున ఇరవై నాలుగు గంటల్లో కాగితం మీద పడే మురికి నూట యాభై, మహా అయితే రెండు వందల మిల్లీగ్రాములు. ఈ కాగితాలు ఏడు గంటలు నడిచాయి, తొమ్మిది గంటలు నడిచాయి. ఒకటి అయిదు వందల నలభై. ఒకటి ఆరు వందల పది. ఒకటి ఏడు వందలు దాటింది. కాగితాలా అవి! పెనం అడుగులా ఉన్నాయి.

మధ్యాహ్నం మూడింటికి ఆ కాగితాల్లో ఒకటి పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. మొత్తం చెప్పింది. నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆయన ఎగిరిపడతాడనుకుంది. తల పట్టుకుంటాడనుకుంది. ఆయన లేచి, నెమ్మదిగా తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. అంతే, తూకాలమ్మకి అర్థమైపోయింది.

"మీకు తెలుసు," అంది.

"తెలుసంటే... అనుమానం ఉంది," అని ఆయన నీళ్లు నమిలాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగేళ్లు. కూర్చోమ్మా. నువ్వు సీనియర్‌వి, నీకు చెబితే అర్థమవుతుంది. కొత్త పంపు వచ్చి మూడేళ్లయింది, కింద స్టోర్‌లో ఉంది."

"స్టోర్‌లో ఉందా?"

"పెట్టె కూడా విప్పలేదు. దాని మోటారు బలమైంది, ఎంత మసి పడినా ఆగదు. ఆగకపోతే ఏమవుతుంది? అంకె ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. గాలి చెడిపోయిందని పేపర్లవాళ్లు గోల పెడతారు. మెషిను మారిందన్న మాట ఎవడూ వినడు. పదకొండేళ్ల ట్రెండు తెగిపోతుంది. పోలిక పాడైపోతుంది."

"పోలిక పాడవకూడదని ఊపిరితిత్తులు పాడుచేశారా సార్?"

"గొంతు తగ్గించు." పెద్దసారు మొహం మాడింది. "రూలు నేను రాశానా? పద్దెనిమిది గంటల రూలు పైనుంచి వచ్చింది. అన్ని ఊళ్లకీ అదే రూలు. దేశమంతా ఈ గీత కిందికే దిగుతోంది, మన ఒక్క ఊరే కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజుల్ని కొట్టేసింది నేనా? రిజిస్టరు తీస్తే ఎవరి చెయ్యి కనబడుతుంది? ఎవరి సంతకం కనబడుతుంది? ఆలోచించుకో. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో."

అన్ని ఊళ్లకీ అదే రూలు! ఆ మాట ఆయన ఓదార్పుగా అన్నాడు. తూకాలమ్మ మాత్రం లెక్క వేసుకుంది. ఎన్ని ఊళ్లు! ఎన్ని స్కూలు మేడలు! ఎన్ని పాత మోటార్లు! ప్రతి ఊళ్లోనూ తనలాగే ఒక కచ్చితమైన మనిషి కూర్చుని, తలొంచుకుని, చెడ్డరోజుల్ని శుభ్రంగా ఏరి పారేస్తూ ఉంటుంది. అవన్నీ కలిపి ఎవరో ఒక పెద్ద గీత గీస్తారు. దేశం ఆ గీత చూసి మురిసిపోతుంది.

గురువారం సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయనకి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. నిదానస్తుడు, మాట తూలే రకం కాదు. అంతా విని, "నువ్వు రూలు తప్పలేదు కదా," అన్నాడు.

"అదే కదా నా ఏడుపు. తప్పినా బాగుండేది."

"రేపు అక్కడికెళ్లి మాట్లాడితే ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు."

"ఇంకా మూడేళ్లేగా పెన్షన్‌కి..." అని ఆయన ఆగిపోయాడు. ఆవిడ మొహంలో ఏం చూశాడో గానీ, లేచి వెళ్లి ఆవిడ మంచి చీర ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. రేపు వెళ్తావా అని మళ్లీ అడగలేదు. అంత కోపంలోనూ తూకాలమ్మకి ఆ మనిషిమీద ప్రేమ పొంగుకొచ్చింది.

శుక్రవారం పదిగంటలకి టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో ఫ్యాక్టరీవాళ్లు, తెల్లచొక్కాలు, మంచినీళ్ల సీసాలు. వెనక వరసల్లో గోడపక్క వీధి జనం, మధ్యలో అక్క. స్టేజీమీద విచారణ జరిపే అధికారి మేడం, ఆవిడ పక్కన చెప్పినదల్లా రాసుకునే గుమాస్తా. ఓ పక్కన కుర్చీలో పెద్దసారు. తెరమీద ఆ ఎర్రగీత ఇంతెత్తున వేలాడుతోంది. ఫ్యాక్టరీ మేనేజరు చేతిలోని కర్రతో దాన్ని చూపిస్తూ, "పైనుంచి కిందికి, పైనుంచి కిందికి," అని రెండుసార్లు చెప్పాడు, జనానికి పైకీ కిందికీ తేడా తెలియదన్నట్టు.

అభ్యంతరాలున్నవాళ్లు మాట్లాడొచ్చు అన్నారు. వీధి జనం ఒక్కొక్కరే లేచారు. దగ్గు అన్నారు, మసి అన్నారు, పిల్లలన్నారు. మేడం అందరికీ ఒకే మాట చెప్పింది, మర్యాదగానే చెప్పింది. మీ బాధ అర్థమవుతోంది, కానీ నా ముందున్నది కొలిచిన లెక్క. దానికి ఎదురుగా మీరు ఇంకో కొలిచిన లెక్క పెడితే తప్ప నేనేమీ చేయలేను.

అప్పుడు తూకాలమ్మ లేచింది. జనంలోంచి స్టేజీ దాకా నడిచి, సంచీలోంచి కాగితాలు తీసి మేడం ముందున్న బల్లమీద పరవడం మొదలుపెట్టింది. బల్ల చాలలేదు. స్టేజీ గచ్చుమీద పరిచింది. యాభై ఎనిమిది నల్లటి కాగితాలు. హాలంతా లేచి నిలబడి మెడలు సాచి చూసింది.

ఏ కాగితం ఏ రోజుదో, పంపు ఎన్ని గంటలకి ఆగిందో, ఎందుకాగిందో, ఎంత బరువో చెప్పింది. స్టోర్‌లో మూడేళ్లుగా పడి ఉన్న కొత్త పంపు సంగతీ చెప్పింది. ఒక్క అంకె తడబడలేదు. వెనకనుంచి ఎవరో, "దొంగ వెధవల్లారా!" అని అరిచారు. హాలు గందరగోళమైంది.

మేనేజరు నవ్వాడు. నిజంగా నవ్వాడండీ! "మేడం, ఇవి వాళ్ల రూలు ప్రకారమే చెల్లని కాగితాలు. కొట్టేసింది కూడా ఈవిడే," అన్నాడు.

మేడం పెద్దసారువైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని, "సాంకేతికంగా చూస్తే చెల్లవండీ," అన్నాడు.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడకీ బాధగానే ఉన్నట్టుంది. "చూడమ్మా, చెల్లని నమూనాల్ని నేను రికార్డులోకి తీసుకోలేను. చట్టం ఒప్పుకోదు. చెల్లే లెక్కలు ఇవిగో, పదకొండేళ్లవి, వీటి మీద నీ సంతకమే ఉంది. ఆ సంతకం ఉన్నంతకాలం నేను వీటినే చూడాలి."

తూకాలమ్మకి తల తీసేసినట్టయింది. ఫ్యాక్టరీవాళ్లు నీళ్లసీసాల మూతలు తిప్పుకుంటున్నారు. అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. కింద గచ్చుమీద, కాళ్ల దగ్గర, ఏడాదిలో సగం పైగా పడి ఉంది, ఎవరికీ అక్కర్లేకుండా.

తూకాలమ్మ తలెత్తి, "మేడం, ఆ సంతకం వెనక్కి తీసుకుంటే?" అని అడిగింది.

"అంటే?"

"నేను ధ్రువీకరించిన లెక్కలు తప్పని నేనే అంటే? ఒక్క ఏడాది కాదు. పదకొండేళ్లవీ."

మేనేజరు నవ్వు ఆగింది. పెద్దసారు కుర్చీలో సగం లేచాడు.

మేడం ముందున్న ఫైలు మూసింది. "అప్పుడు ఈ గీత నిలబడదు. జాబితాలోంచి తీసే ప్రశ్న రాదు. కొత్త పంపు పెట్టి మళ్లీ మొదట్నుంచి కొలవాల్సిందే. కానీ అమ్మా, తప్పుడు లెక్కకి సంతకం పెట్టానని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నానండీ. రాసుకోమనండి."

గుమాస్తా పెన్ను తీశాడు. తూకాలమ్మ చెప్పింది, అతను రాశాడు. "ఈ ఊళ్లో గాలి ఎంత చెడ్డదో పదకొండేళ్లుగా ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను. గాలి చెడిపోయిన రోజుల్ని రద్దు చేసి, బాగున్న రోజుల్ని మాత్రమే తూచాను. నా సంతకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇంకేమైనా చేర్చాలా?" అన్నాడు గుమాస్తా.

తూకాలమ్మ పెద్దసారు వైపు తిరిగింది. ఆయన తెరవైపు చూస్తున్నాడు, ఎర్రగీతలో ఏదో కొత్తగా కనబడినట్టు.

"చేర్చండి. నాకు తెలిసి నాలుగు రోజులైంది. ఈ పెద్దసారుకి తెలిసి నాలుగేళ్లయింది." గుమాస్తా అదీ రాశాక తూకాలమ్మ కింద సంతకం పెట్టింది.

"అబద్ధం!" ఆయన ఎగిరి నిలబడ్డాడు. "శుద్ధ అబద్ధం మేడం! కక్షకట్టి..."

"అబద్ధమైతే రండి సార్. ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను. మీకు ఏమీ తెలియదని రాసి, కింద సంతకం పెట్టండి. నేను పెట్టాను కదా, మీరూ పెట్టండి."

పెద్దసారు ఒక అడుగు వేశాడు. కాగితాన్ని చూశాడు. మేడాన్ని చూశాడు. ఎదురుగా నిలబడ్డ మూడు వందలమందిని చూశాడు. తర్వాత చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. ఆ కాగితం మీద ఆయన సంతకం పడలేదు. అయినా అక్కడున్న అందరికీ అది కనబడింది.

మూడో కొలిమి ఆగింది. ఏడాదిపాటు కొత్తగా కొలిచాకే మాట్లాడండి అని మేడం రాసింది. సోమవారం పొద్దున తూకాలమ్మకి సస్పెన్షన్ కాగితం వచ్చింది. పెద్దసారుకి బదిలీ వచ్చింది, ఇంకో ఊరికి, అదే కుర్చీకి. చూశారా న్యాయం! ఉన్న రెండు కొలుములూ మాత్రం ఎప్పటిలాగే కక్కుతున్నాయి, వాటిని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం తూకాలమ్మ అక్క లాండ్రీకి వెళ్లింది. వీధిలో కొందరు లేచి నిలబడి పలకరించారు. కొందరు మొహం తిప్పుకున్నారు. మందుల షాపు ముందు ఒకావిడ, "పదకొండేళ్లు మమ్మల్ని చంపి ఇప్పుడొచ్చిందమ్మా మహాతల్లి," అని వినబడేట్టే అంది. తూకాలమ్మ ఆగి ఆ మాట పూర్తిగా విని మరీ వెళ్లింది. అందులో తప్పేముంది గనక.

అక్క తొట్టి దగ్గర పీటమీద కూర్చుని ఉంది. లేవలేదు, కౌగిలించుకోలేదు, మెచ్చుకోనూ లేదు. కేసంటే ఏమవుతుంది, జైల్లో పెడతారా, మీ ఆయన షాపుమీద ఇల్లు గడుస్తుందా, నీకు బుద్ధుందా లేదా అని వరసపెట్టి తిట్టింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, దగ్గొచ్చి ఆగింది. నీళ్లు తాగి, పక్కనున్న పీట కాలితో ఇటు తోసింది. తూకాలమ్మ కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు," అంది అక్క. ఈసారి గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "చంటిదానివప్పట్నుంచీ చీమ పాకినా కనిపెట్టేదానివి. పదకొండేళ్లు అంతంత నల్లటి కాగితాలు నీ చేతుల్లోంచే పోయాయి కదే. ఒక్కటంటే ఒక్కటి కూడా చూడలేదా?"

తూకాలమ్మ ఎంతసేపు ఆలోచించినా అబద్ధం దొరకలేదు.

"అన్నీ చూశానక్కా. చూసే కొట్టేశాను."